పాటిదిబ్బను చదును చేయొచ్చా?

ఈ నెల వచ్చినవాటిలో ఐదు ఉత్తరాలు పాడుపడిన ఊళ్ళ గురించే ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలను వచ్చే నెలకు ఉంచి, వీటినే తీసుకున్నాను. తవ్వకాల శిబిరాల్లో పాతికేళ్ళకు పైగా కుండపెంకులు కడిగి, వేరుచేసి, లెక్క రాసినదాన్ని నేను. ఇది నాకు ఇష్టమైన సంగతి కాబట్టి ఒకటి రెండు జవాబులు పొడుగయ్యాయి.

*ప్రశ్న: అక్కయ్య గారికి నమస్కారం. మాకున్న నాలుగెకరాల్లో ఒక మూల మనిషెత్తు దిబ్బ ఉంది. మట్టి బూడిద రంగులో పిండిలా ఉంటుంది. తాతల కాలం నుంచి దాన్ని పాటి అంటాం. నాగలి పెట్టినప్పుడల్లా పెంకులు లేస్తాయి. లోపల నలుపు, బయట ఎరుపు ఉన్నవి కొన్ని, మామూలు ఎర్రవి చాలా. ఇనుప చిట్టెం, నీలం గాజు ముక్కలు, సగం విరిగిన తిరగలి రాయి కూడా దొరికాయి. చదును చేసి డ్రిప్ వేద్దామని జేసీబీ మాట్లాడాను. ఇప్పుడేమో ఊళ్ళో కొందరు నిధి ఉందంటున్నారు, కొందరు గవర్నమెంటుకు తెలిస్తే పొలం పోతుందంటున్నారు. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు? — ఒక రైతు*

జవాబు: తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. పెంకులు దొరికినంత మాత్రాన ఎవరూ పొలం లాక్కోరు. ఒక చోటును కేంద్రం రక్షిత ప్రదేశంగా ప్రకటించాలంటే 1958 నాటి చట్టం ప్రకారం ముందు గెజిట్‌లో నోటీసు వేయాలి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి రెండు నెలల గడువివ్వాలి. నేను తిరిగిన చోట్ల పాటిదిబ్బలున్న పొలాలు చాలావరకు రైతుల పేరు మీదే, సాగులోనే ఉన్నాయి.

నిధి మాటకొస్తే, నేను పనిచేసిన ఏ పాటిలోనూ బంగారు కుండ చూడలేదు. సేద్యం చేసుకునే ఊళ్ళో ఉండేది ధాన్యం, పశువులు, పనిముట్లు. ఒకవేళ పాతిపెట్టిన నాణేలో నగలో బయటపడితే 1878 నాటి నిధుల చట్టం ఉంది. విలువ పది రూపాయలు దాటితే చాలు, కలెక్టరుకు తెలియజేయాలి. దాచుకుంటే నేరం. రాత్రిపూట తవ్వుదామని వచ్చేవాళ్ళను మాత్రం గట్టు దాటనివ్వకండి.

ఇక దిబ్బ సంగతి. పాటి అంటేనే పాడుపడిన ఊరు. మట్టి గోడల ఇల్లు కూలితే ఆ మట్టిని ఎవరూ ఎత్తిపోయరు. అదే చదును చేసి, దాని మీదే కొత్త ఇల్లు కట్టుకుంటారు. ఇంటి వెనక పెంట, పొయ్యిలోని బూడిద, అలికిన పేడ, విరిగిన కుండలు ఏటేటా అక్కడే చేరతాయి. అలా తరతరాలుగా నేల లేచి దిబ్బ అవుతుంది. బూడిద రంగు అందుకే. పేడ, బూడిద, ఎముకల వల్ల ఆ మట్టిలో భాస్వరం ఎక్కువ. మన పెద్దలు పాటిమన్ను బండ్లకెత్తి చేలకు తోలుకున్నది ఆ బలం చూసే. ఆ పని తప్పని నేను అనను.

మీరు రాసిన వస్తువుల్లో నన్ను ఆపినది ఆ రెండు రంగుల పెంకు. కుండను బోర్లించి, చుట్టూ పిడకలూ కట్టెలూ పేర్చి కాలిస్తే లోపలికి గాలి అందదు. అందువల్ల లోపలి భాగం, మూతి నల్లబడతాయి. గాలి తగిలిన బయటి భాగం ఎర్రగా కాలుతుంది. మన ప్రాంతంలో ఈ కుండలు ముఖ్యంగా ఇనుము వాడకంలోకి వచ్చిన కాలానివి. రాకాసి గుళ్ళని మనం పిలిచే పెద్దరాళ్ళ సమాధుల్లో కనిపించేవీ ఇవే. క్రీస్తుపూర్వం వెయ్యేళ్ళ నాటి నుంచి క్రీస్తుశకం మొదటి శతాబ్దాల దాకా వాడారు. చిట్టెం అంటే ఇనుము కరిగించాక మిగిలే మడ్డి. అది ఉందంటే దగ్గర్లో ఇనుము కరిగించిన కొలిమో, కనీసం కమ్మరి కొలిమో ఉండి ఉండాలి. తిరగలి మాత్రం ఆ తర్వాతిది. మొదట్లో పల్లపు బండ మీద ఇంకో రాయితో ముందుకూ వెనక్కూ నూరుకునేవారు. గుండ్రంగా తిప్పే తిరగలి చరిత్ర కాలంలో వచ్చింది. నీలం గాజు ముక్కలు ఇంకా దగ్గరి కాలానివి కావచ్చు. కాబట్టి మీ పొలంలో ఉన్నది ఒక ఊరు కాదు, ఒకదాని మీద ఒకటి కనీసం రెండు ఊళ్ళని నాకనిపిస్తోంది. ఒకటి పాడైపోయిన ఎన్నో తరాలకు, ఎత్తుగా ఉంది, వరద రాదు అని ఇంకెవరో వచ్చి అదే చోట గోడలు లేపారు.

జేసీబీ వద్దని నేను అనేది ఇందుకే. నాగలి జానెడు లోతు కదుపుతుంది. దాని కింద పొరలు వేటికవి ఉంటాయి. బకెట్ ఒక్కసారి గీకితే వెయ్యేళ్ళు కలిసిపోతాయి. కలిసిపోతే ఏమవుతుందో నేను అనుభవంతో చెప్పగలను. నా మొదటి సీజన్‌లో పెంకుల యార్డు చూసుకునే పని నాకిచ్చారు. నేల మీద సున్నంతో గళ్ళు గీస్తాం. ఒక్కో గడి ఒక్కో ట్రెంచిలోని ఒక్కో పొరకు. కడిగిన పెంకులను చీటీతో సహా ఆ గడిలోనే ఆరబెట్టాలి. ఒక సాయంత్రం వాన వచ్చేలా ఉందని కంగారుపడి రెండు పొరల పెంకులను ఒకే పట్టా మీదికి లాగేశాను. గాలికి చీటీలు ఎగిరిపోయాయి. తెల్లారి చూస్తే దాదాపు మూడు వందల పెంకులు. ఒక్కటీ విరగలేదు, ఒక్కటీ పోలేదు. కానీ ఏది పైదో ఏది కిందిదో చెప్పేవాళ్ళు లేరు. ఒక మూతి ముక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. పగులుకు అటొకటి ఇటొకటి రెండు చిన్న బెజ్జాలు, లోపలి నుంచి తొలిచినవి. పగిలిన కుండను పారేయకుండా ఎవరో తాడుతో కుట్టుకుని మళ్ళీ వాడుకున్నారు. నీళ్ళకు పనికిరాదు కాబట్టి గింజలకు వాడి ఉంటారు. అది కరువు నాటి పొరలోదా, కలిగిన రోజులదా? నా వల్ల ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పోయింది. ఆ ముక్కను లెక్కలో చేర్చలేదు.

మీరు చేయగలిగింది ఇది. జేసీబీని ప్రస్తుతానికి ఆపండి. పక్కన ఒక కర్రో స్కేలో పెట్టి దిబ్బ ఫొటోలు తీయండి. సర్వే నంబరు, దిబ్బ పొడవు వెడల్పులు రాసి రాష్ట్ర పురావస్తు శాఖకు అర్జీ పెట్టండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. దొరికిన తిరగలి, పెంకులు ఎక్కడ దొరికాయో గుర్తుపెట్టి ఒక సంచిలో వేయండి. దిబ్బ చుట్టూ ఉన్న చదును నేలలో డ్రిప్ నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. దిబ్బ మీద లోతు వేర్ల చెట్లు పెట్టకండి, వేర్లు కూడా పొరలను చీలుస్తాయి. పశువుల గడ్డి పెంచుకుంటే మీకూ లాభం, దానికీ క్షేమం.

*ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఊరి పక్కన పాడుపడిన పాత ఊరుంది. గత్తర వచ్చి ఒకే రాత్రిలో అందరూ పోయారని మా నాయనమ్మ చెబుతుంది. రెవెన్యూ రికార్డులో దాన్ని బేచిరాగ్ అని రాశారు. ఆ ఊరు నిజంగా ఎందుకు పాడైందో మట్టిని చూసి చెప్పగలరా? — ఒక విద్యార్థిని*

జవాబు: అమ్మాయీ, ముందు ఆ మాట చూడు. చిరాగ్ అంటే పారసీకంలో దీపం. బేచిరాగ్ అంటే దీపం పెట్టే దిక్కులేని ఊరు. సర్వే నంబర్లు ఉంటాయి, పొలాలు ఉంటాయి, పక్క ఊరివాళ్ళు సాగు చేస్తుంటారు. కాపురం మాత్రం ఎవరూ ఉండరు. శిస్తు లెక్కల కోసం రాసిన పదమే అయినా, ఎప్పుడు చదివినా నాకు మనసు బరువెక్కుతుంది.

మట్టి కొంత చెబుతుంది, అంతా చెప్పదు. ఊరు మెల్లగా ఖాళీ అయిందా, ఒక్కసారిగానా అన్నది చాలావరకు తెలుస్తుంది. నిదానంగా వెళ్ళేవాళ్ళు పనికొచ్చే ప్రతిదీ పట్టుకుపోతారు. ద్వారబంధాలు ఊడదీస్తారు, దూలాలు దింపుకుంటారు, మంచి తిరగలిని బండెక్కిస్తారు. నీకు దొరికేవి విరిగిన సగం రాళ్ళు, అరిగిపోయిన కొడవలి ముక్క, ఊడ్చేసిన నేల. కొన్ని ఇళ్ళు ముందు పడిపోయి, వాటి గోడల మధ్య మిగిలినవాళ్ళు చెత్త పోసుకున్న ఆనవాళ్ళు కూడా కనిపిస్తాయి. హఠాత్తుగా పోతే వేరుగా ఉంటుంది. పొయ్యి మీద కుండ అలాగే నలిగి ఉంటుంది, గరిసెలో గింజలు మాడి ఉంటాయి. నిప్పంటుకుంటే మట్టి గోడ ఇటుకలా ఎర్రబడుతుంది.

జబ్బు మాత్రం ఇంటి నేల మీద గుర్తు వదలదు. గత్తర వచ్చిన ఊళ్ళో కూడా బతికినవాళ్ళు సామాన్లు సర్దుకునే వెళ్తారు. అందుకని మీ నాయనమ్మ చెప్పినది అబద్ధమని అనుకోకు. 1876లో మొదలైన ధాత కరువులో, అంతకు ముందు 1832-33 నాటి నందన కరువులో జనం ఊళ్ళకు ఊళ్ళు వదిలి వలసపోయారు. కరువు వెంటే జబ్బూ వచ్చేది. మూడు నాలుగేళ్ళలో జరిగినది మనవరాలికి చెప్పేటప్పుడు ఒకే రాత్రి అయిపోతుంది. చెరువు గండిపడి పూడ్చుకోలేకపోవడం, బావి నీళ్ళు చవిటెక్కడం, వాగు దారి మార్చుకోవడం, దండులు తిరిగే బాట పక్కన ఉండడం, శిస్తు కట్టలేకపోవడం, ఇవన్నీ ఊళ్ళను పాడుచేశాయి. చాలాసార్లు రెండు మూడు కారణాలు ఒకేసారి మీదపడతాయి.

నువ్వు వెతకాల్సింది బావితో మొదలుపెట్టు. ఊరు పోయినా బావి రాళ్ళు ఉంటాయి. వేసవిలో గడ్డి ఎండినప్పుడు పొద్దున్నే నడువు. ఏటవాలు ఎండలో గోడల ఆనవాళ్ళు నీడ గీతల్లా లేస్తాయి, మధ్యాహ్నం ఒక్కటీ కనిపించదు. కాలిన గింజలు దొరికే చోటు తెలిస్తే తవ్వేవాళ్ళకు ఎంతో మేలు. తవ్వకంలో ఆ మట్టిని నీళ్ళలో కలిపి తేరుస్తారు. బొగ్గయిన గింజ తేలుతుంది, సన్న జల్లెడతో పట్టుకుంటారు. కాలనిర్ణయానికి దూలం బొగ్గు కంటే గింజ నయం. దూలం నూరేళ్ళ చెట్టుది కావచ్చు, ఉలవ గింజ ఆ ఏటి పంటదే. కడప జిల్లాలో కుందూ లోయలోని పెద్దముడియం, హనుమంతరావుపేట లాంటి కొత్తరాతియుగపు ఊళ్ళలో మట్టిని ఇలా తేర్చే మన తొలి రైతులు ఏం పండించారో తెలుసుకున్నారు. దక్షిణాదిలో ఆనాటి ముఖ్యమైన పంటలు ఉలవలు, పెసలు, అండుకొర్రల లాంటి చిరుధాన్యాలు. వరి చాలా తర్వాతి సంగతి.

మీ నాయనమ్మ మాటలను ఫోన్‌లో రికార్డు చేసిపెట్టు. అది ఈ వారమే చెయ్యి.

*ప్రశ్న: మా వైపు బూడిద దిబ్బలున్నాయి. రాక్షసులను కాల్చిన బూడిద అని కొందరు, మునులు యజ్ఞాలు చేసిన చోటని కొందరు అంటారు. నిజమేమిటి?*

జవాబు: హంపి దగ్గర నింబాపురంలోని దిబ్బను వాలిని దహనం చేసిన బూడిద అంటారు. ఎంత కట్టెలు కాలిస్తే అంత బూడిద వస్తుందని జనం ఆశ్చర్యపోయిన మాట నిజం, అందుకే ఆ కథలు పుట్టాయి. అది ఆవుపేడ బూడిద. పరీక్షల్లో తేలిన సంగతి ఇది. కొన్ని చోట్ల మంట ఎంత వేడిగా లేచిందంటే బూడిద కరిగి గాజు చిట్టెంలా గడ్డకట్టింది.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో, అంటే ఆదిలాబాద్ ఉట్నూరు కాదు, 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వారు. మొద్దులు పాతి దడి కట్టిన గుంతల వరుసలు బయటపడ్డాయి. పశువుల దొడ్డి అది. పేరుకున్న పేడను కాల్చారు, మళ్ళీ దడి కట్టారు, మళ్ళీ కాల్చారు. అలా పొర మీద పొర. వాటి మధ్య మెత్తటి నేలలో పశువుల గిట్టల అచ్చులు అలాగే ఉన్నాయి. నాలుగు వేల ఏళ్ళకు పైబడిన అడుగులు. చీలిన గిట్ట గుర్తు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, పొద్దున వాన పడి పశువులు దాటిన దారిలో చూస్తాం. సరిగ్గా అదే. పేడ ఎందుకు కాల్చారన్నదానికి ఆల్చిన్ మన పండుగ మంటలను, పశువులను వాటి మీదుగా తోలే ఆచారాలను గుర్తుచేశారు. అనంతపురం జిల్లా పాలవాయిలోనూ ఇలాంటి దిబ్బను తవ్వారు.

మీ వైపు బూడిదను లారీలకెత్తి అమ్ముతుంటే మాత్రం దయచేసి ఊరి పెద్దల దృష్టికి తీసుకెళ్ళండి. దొడ్డి పక్కనే మనుషుల గుడిసెలు ఉండి ఉంటాయి, అవీ పోతాయి.

*ప్రశ్న: మా బాబు ఆరో తరగతి. పాత ఊరి దిబ్బ మీద గుండ్రంగా అరగదీసిన పెంకు బిళ్ళలు డబ్బా నిండా ఏరుకొచ్చాడు. ఇంట్లో పెట్టుకోవచ్చా?*

జవాబు: అమ్మా, వాటిలో చాలావరకు పిల్లలు ఆడుకున్న బిళ్ళలే అయ్యుండాలి. తవ్వకాల నివేదికల్లో వాటిని హాప్‌స్కాచ్ అనే రాస్తారు, అంటే మన తొక్కుడుబిళ్ళే. పగిలిన కుండ ముక్కను రాతి మీద అంచులు రాసి గుండ్రం చేస్తారు. కొన్నిటికి మధ్యలో బెజ్జం ఉంటే అవి బండి బొమ్మ చక్రాలో, దారం వడికే కదురుకు పెట్టినవో కావచ్చు. ఒకసారి చూడండి. బాబును తిట్టకండి. డబ్బాలో ఒక చీటీ పెట్టించండి: ఏ ఊరి దిబ్బ, దిబ్బకు ఏ వైపు, ఏ తేదీ. స్కూల్లో టీచరుకు ఇస్తే పదిమంది పిల్లలు చూస్తారు. ఇక మీదట చూడనివ్వండి, ఏరనివ్వకండి.

*ప్రశ్న: మా ఊరు శ్రీశైలం జలాశయంలో మునిగింది. 1981లో మమ్మల్ని లేపారు. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. కొన్ని ఎండాకాలాల్లో నీళ్ళు తగ్గితే మా ఇంటి పునాది రాళ్ళు కనిపిస్తాయి. వెళ్ళి కూర్చుని వస్తుంటాను. మా ఊరు కూడా ఏదో ఒకనాడు పురావస్తువు అవుతుందా?*

జవాబు: అన్నయ్యా, మీ ఉత్తరం చదివి కాసేపు పెన్ను పట్టలేకపోయాను.

ఆ ప్రాజెక్టు కింద దాదాపు వంద ఊళ్ళు పోయాయి. మునగక ముందు తవ్వినవీ, తరలించినవీ ఉన్నాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి ఆలంపురానికి తెచ్చి నిలబెట్టారు. వీరాపురంలో తవ్వి, కొత్తరాతియుగం నుంచి ఒకే చోట జనం ఎలా బతికారో చూశారు. దానికంటే ముందు, నాగార్జునసాగర్ నీళ్ళలో మునగబోయే నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి కట్టడాలను కొండ మీదికీ, ఒడ్డున ఉన్న అనుపుకూ చేర్చారు. గుళ్ళకూ స్తూపాలకూ ఆ భాగ్యం కలిగింది. మీ ఇంటికీ, మీ కళ్ళానికీ, మీ పశువుల కొట్టానికీ కలగలేదు. సాగు చేసుకునే ఊరిని ఊరిగా రాసిపెట్టాలని అప్పట్లో పెద్దగా ఎవరికీ తోచలేదు. ఆ లోటు నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

చట్టం లెక్కలో నూరేళ్ళు దాటితే పురావస్తువు. మట్టి లెక్కలో మీ ఊరు ఇప్పటికే ఆ దారిన పడింది. ఏటా నీళ్ళు ఎక్కి దిగుతుంటే మట్టి గోడ కరిగిపోతుంది, ఒండ్రు కప్పేస్తుంది. మిగిలేది పునాది రాళ్ళు, రోలు, బావి ఒర, గట్టిపడిన పొయ్యి అడుగు. ఇంకో మూడు వందల ఏళ్ళకు ఎవరైనా చూస్తే, ఒక గుండ్రటి గుంత మాత్రమే కనిపించి, ఇది చెత్తగుంతా, మరేదన్నానా అని తలపట్టుకుంటారు. అది పాతర అని మీకు తెలుసు. లోపల చొప్ప పరిచి జొన్నలు పోసి, మట్టితో మూసేవాళ్ళని తెలుసు. తెరిచాక వెంటనే దిగకూడదని, ముందు దీపం దింపి ఆరకుండా ఉంటేనే దిగాలని తెలుసు. అది ఎవరింటి ముందు ఉండేదో, ఏ ఏడాది గింజలు పురుగు పట్టాయో కూడా మీకు తెలుసు. మేము తవ్వేవాళ్ళం ఎన్ని సీజన్లు మోకాళ్ళ మీద కూర్చున్నా మట్టి నుంచి అంత రాబట్టలేం.

అందుకని ఒక పెద్ద డ్రాయింగ్ షీటు కొనండి. రచ్చబండతో మొదలుపెట్టి వీధులు గీయండి. ఏ ఇల్లు ఎవరిది, వాకిలి ఏ దిక్కు, వంట ఎక్కడ, దొడ్డి ఎక్కడ, కళ్ళాలు, పాతర్లు, చాకలి రేవు, ఊళ్ళోకి పశువులు వచ్చే దారి. తప్పు పోయినా పరవాలేదు, మీ ఈడువాళ్ళను ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టుకుంటే వాళ్ళే సరిదిద్దుతారు. ఈ ఎండాకాలం నీళ్ళు తగ్గినప్పుడు ఆ పటం పట్టుకుని వెళ్ళి, కనిపించే రాళ్ళను దానితో సరిపోల్చి ఫొటోలు తీయించండి. ఒండ్రు మెత్తగా ఉంటుంది, కాలు దిగబడుతుంది, ఒంటరిగా మాత్రం వెళ్ళకండి.

పటం ఒక ప్రతి నాకు పంపండి. ఈ శీర్షికలో ఒక పూర్తి పేజీ దానికే ఇస్తాను.